టైమింగ్ బెల్ట్ మార్చినప్పటి నుంచే పుల్లింగ్ పోయిందంటే, క్లచ్ కంటే ముందు టైమింగ్ మార్కులు చూడాలి

మీరు అడిగిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెప్తాను, ఎక్కడైనా పొరబడి ఉంటే సరిదిద్దండి. మీది 2010 నాటి శాంత్రో జింగ్, 1.1 లీటర్ పెట్రోల్. తొంభై రెండు వేల కిలోమీటర్ల దగ్గర టైమింగ్ బెల్ట్ మార్పించారు. ఆ తరువాతి వారమే హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తుంటే, ఎప్పుడూ మూడో గేరులో ఎక్కే ఘాట్ మలుపుల్లో బండి రెండో గేరులో కూడా ఈడ్చుకుంటూ వెళ్ళింది. స్టార్టింగ్ బాగానే ఉంది, ఐడ్లింగ్‌లో మాత్రం కొద్దిగా వణుకు ఉంది, మైలేజీ పదిహేను నుంచి పదకొండుకు పడిపోయింది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు, స్కానర్ పెడితే కోడ్ ఏదీ రాలేదు. ఇప్పుడు క్లచ్ సెట్టు మొత్తం మార్చాలంటున్నారు. మార్చాలా, లేక లోపం బెల్టులోనే ఉందా అన్నది మీ ప్రశ్న.

దయచేసి క్లచ్ పని ఇప్పుడే చేయించవద్దు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏడేళ్లుగా నేను చేస్తున్నది పెట్రోల్ ఇంజన్ల పనే. బెల్ట్ మార్చిన వెంటనే బలం తగ్గి, ఆ బలహీనత ప్రతి గేరులోనూ ఒకేలా కనిపిస్తూ, కోడ్ రాకుండా ఉన్న బండి నా దగ్గరకు వస్తే, నేను మొదట అనుమానించేది పిస్టన్లతో తిరిగే క్రాంక్‌కూ, వాల్వులను తెరిచి మూసే క్యామ్‌కూ మధ్య టైమింగ్ బెల్ట్ ఒక పన్ను తప్పడాన్నే. ఇది అనుమానం మాత్రమే, తీర్పు కాదు. అయితే ఈ అనుమానాన్ని నిర్ధారించుకోవడానికి అయ్యే ఖర్చు క్లచ్ సెట్టు ఖర్చులో చిన్న భాగం కాబట్టి, వరుసలో ఇదే ముందుండాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పాత బెల్ట్ సాగిపోయి పికప్ క్రమంగా తగ్గిందని, కొత్త బెల్ట్ వేస్తే బండి మళ్ళీ లాగుతుందని చాలామంది నమ్ముతారు. టైమింగ్ బెల్ట్ ఫ్యాన్ బెల్ట్ లాంటిది కాదు, దానికి పళ్ళుంటాయి, అది కొంచెం కొంచెంగా జారదు. సరిగ్గా ఉంటే సరిగ్గా ఉంటుంది, లేదంటే ఒక పన్ను తప్పుతుంది, లేదంటే తెగిపోతుంది. అందువల్ల నెలల తరబడి మెల్లగా తగ్గిన బలానికి కారణం సాధారణంగా బెల్ట్ కాదు. ఒకే రోజు, అదీ బెల్ట్ పని జరిగిన రోజు పోయిన బలానికి మాత్రం బెల్టే మొదటి ముద్దాయి. మీరు చెప్పిన తేదీల వల్లనే నేను ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఒక పన్ను అంటే ఎంత తేడా? నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, క్యామ్ పుల్లీ పళ్ళు క్రాంక్ పుల్లీ పళ్ళకు సరిగ్గా రెట్టింపు ఉంటాయి. క్రాంక్ పుల్లీకి ఇరవై పళ్ళున్న ఇంజన్‌లో ఒక పన్ను తప్పితే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు, ఇరవై నాలుగు పళ్ళుంటే 15 డిగ్రీలు తేడా వస్తుంది. కాగితం మీద చిన్నగా కనిపించే ఈ అంకె ఇంజన్‌కు చాలా పెద్దది, ఎందుకంటే ఇన్‌లెట్ వాల్వు మూసుకునే క్షణమే ఆ సిలిండర్‌లో ఎంత గాలి-పెట్రోల్ మిశ్రమం నిలుస్తుందో నిర్ణయిస్తుంది.

క్యామ్ వెనకబడితే, అంటే లేట్ అయితే, ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ అప్పటికే పైకి రావడం మొదలుపెట్టి ఉంటుంది కాబట్టి, తక్కువ ఆర్‌పీఎంలో లోపలికి వచ్చిన మిశ్రమంలో కొంత భాగాన్ని అది వచ్చిన గొట్టంలోకి, అంటే తిరిగి మానిఫోల్డ్‌లోకి నెట్టేస్తుంది. నిండవలసిన సిలిండర్ వెలితిగా మిగులుతుంది. ఆర్‌పీఎం బాగా పెరిగాక లోపలికి దూసుకువచ్చే గాలి వేగం ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది కాబట్టి, ఖాళీ హైవే మీద బండి ఫరవాలేదనిపించి, ఘాట్ ఎక్కేటప్పుడు, స్పీడ్ బ్రేకర్ దాటి అందుకునేటప్పుడు ప్రాణం లేనట్టు ఉంటుంది. క్యామ్ ముందుకు జరిగితే కథ తిరగబడుతుంది: కింది ఆర్‌పీఎంలో లాగుడు అంతగా తగ్గదు, పైకి వెళ్ళేకొద్దీ ఇంజన్ ఊపిరి అందక బిగుసుకుపోతుంది, ఐడ్లింగ్ కూడా కుదురుగా ఉండదు. మీ వర్ణన మొదటి దానికే దగ్గరగా ఉంది.

ఇప్పుడు పరీక్షల సంగతి. ఏ పరికరమూ లేకుండా మీరే చేసుకోగలిగినది క్లచ్ పరీక్ష. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో గంటకు నలభై కిలోమీటర్ల దగ్గర ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ శబ్దం ఒక్కసారిగా ఎగిరి, బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. శబ్దమూ, వేగమూ రెండూ కలిసి మెల్లగా పెరిగితే క్లచ్ తన పని తాను చేస్తున్నట్టు, లోపం దానికి ముందున్న ఇంజన్‌లో ఉన్నట్టు. ఘాట్‌లో ఇంజన్ అరుస్తూ బండి నిలిచిపోయిందని మీరు రాయలేదు, ఈడ్చుకుంటూ వెళ్ళిందని రాశారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. అలాగే పది కిలోమీటర్లు నడిపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒక చక్రం మాత్రమే కాలుతుంటే బ్రేకు పట్టేస్తోందని అర్థం.

తరువాతది ఇంజన్ గాలిని పీల్చే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్. మన షెడ్లలో ఇది కనుమరుగైపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పెట్రోల్ ఇంజన్ లోపలి పరిస్థితిని ఇంత తక్కువ ఖర్చుతో ఇంత స్పష్టంగా చెప్పే పరికరం మరొకటి లేదు. థ్రాటిల్‌కు తరువాత, ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద ఉండే ఒక సన్నని వాక్యూమ్ పైపు దగ్గర దీన్ని కలిపి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడ్లింగ్‌లో చూడాలి. సముద్రమట్టానికి దగ్గరలో ఉన్న ఊళ్ళలో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ 17 నుంచి 21 అంగుళాల (గేజ్ మీది పాదరసపు కొలత) మధ్య ముల్లును కదలకుండా నిలబెడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ, ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి, విజయవాడలో 19 చూపించే ఇంజన్ మీ ఊళ్ళో 17 చూపిస్తే అది జబ్బు కాదు. ఈ సవరణ చేయకుండా అంకెలు పోల్చి మంచి ఇంజన్లను విప్పిన సందర్భాలు నేను చూశాను.

క్యామ్ లేట్ అయిన ఇంజన్‌లో ముల్లు 10 నుంచి 15 అంగుళాల మధ్య ఎక్కడో నిలకడగా ఉంటుంది. నిలకడ అన్నదే ఇక్కడ కీలకం. ఒక వాల్వు కాలిపోయి ఉంటే ముల్లు లయబద్ధంగా కిందికి కొట్టుకుంటుంది. సైలెన్సర్ లైనులో క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఉంటే, ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచినప్పుడు నెమ్మదిగా జారిపోతుంది. అన్ని సిలిండర్లకూ ఒకే లోపం సమానంగా ఉన్నప్పుడే ముల్లు తక్కువలో స్థిరపడుతుంది. మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకైనా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి, గొట్టాలన్నీ, గ్యాస్కెట్ అంచులూ ముందే చూసుకోవాలి.

కొన్నేళ్ల క్రితం, బెల్ట్ మార్చాక ఇలాగే బలం పోయిన ఒక చిన్న పెట్రోల్ కారు నా దగ్గరకు వచ్చింది. ఎక్కడ పని జరిగిందన్నది అనవసరం. అప్పటికే ఇంజెక్టర్లు, పెట్రోల్ పంపు, ఆక్సిజన్ సెన్సర్ మారిపోయాయి. గేజ్ పెడితే ముల్లు 14 దగ్గర, గీసిన గీతలా నిలబడింది. పై కవరు విప్పి, టార్చి వేసి చూస్తే, కింద క్రాంక్ మార్కు సూచిక మీద సరిగ్గా ఉంది. పైన క్యామ్ పుల్లీ మీది చుక్క మాత్రం హెడ్ మీది గీతకు ఎడమ పక్కన, సరిగ్గా ఒక పన్ను దూరంలో ఉంది. బెల్ట్ కుడివైపు లైను మీద బొటనవేలు పెట్టి నొక్కితే అక్కడ వదులు లేదు, బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా బాగానే పట్టుకుంది, అంటే తరువాత జంప్ అయిన బెల్ట్ కాదు, ఎక్కించినప్పుడే తప్పు ఎక్కింది. అదే బెల్ట్‌ను విప్పి సరిగ్గా ఎక్కించి, చేత్తో తిప్పి చూసుకుని స్టార్ట్ చేస్తే ముల్లు 19కి వచ్చి ఆగింది. కొత్త విడిభాగం ఒక్కటీ కొనలేదు. యజమాని కారు తీసుకుని వారధి దాకా వెళ్ళివచ్చి, అప్పటిదాకా పెట్టిన ఖర్చు తలచుకుని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. మీ బండి క్లచ్ గురించి నేను ఇంత పట్టుబట్టడానికి ఆ ముఖం ఒక కారణం.

సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలిచే కంప్రెషన్ పరీక్ష కూడా చేయించండి, కానీ దాని ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. నాలుగు ప్లగ్గులూ విప్పి, పెట్రోలూ స్పార్కూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒక్కో సిలిండర్‌కు సమానంగా నాలుగైదు స్ట్రోకులు కొట్టించాలి. థ్రాటిల్ తెరవడం మర్చిపోతే మంచి ఇంజన్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. సిలిండర్ల మధ్య తేడా 15 పీఎస్ఐ లోపు ఉండి, నాలుగూ కలిసి మాన్యువల్‌లో చెప్పిన దానికంటే బాగా తక్కువగా ఉంటే, క్యామ్ లేట్ అన్న అనుమానం బలపడుతుంది. ఒక్కటే తక్కువైతే వాల్వు, పక్కపక్కనున్న రెండు తక్కువైతే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొడితే అంకె బాగా పెరిగిందంటే రింగులు అరిగినట్టు; టైమింగ్ తప్పిన ఇంజన్‌లో ఆయిల్ వల్ల పెద్ద మార్పు రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, కంప్రెషన్ బాగుంది కాబట్టి టైమింగ్ బాగుందని అనుకోకూడదు. క్యామ్ ముందుకు జరిగినప్పుడు ఇన్‌లెట్ వాల్వు త్వరగా మూసుకుంటుంది కాబట్టి, స్టార్టర్‌తో తిప్పినప్పుడు కంప్రెషన్ ఉండవలసిన దానికంటే కొంచెం ఎక్కువే రావచ్చు.

స్కానర్‌లో కోడ్ రాలేదన్న మాట మీ మెకానిక్‌ను తప్పుదారి పట్టించింది. క్రాంక్, క్యామ్ సంకేతాలకు పొంతన లేదని చెప్పే పి0016 కోడ్ ఉన్న మాట నిజమే, కానీ కంప్యూటర్ కొంత తేడాను సహిస్తుంది, ఆ తేడా దాటితేనే కోడ్ వేస్తుంది; అన్ని ఇంజన్లూ, ముఖ్యంగా పాతవి, ఒక పన్ను తేడాకు కోడ్ వేస్తాయన్న భరోసా లేదు. కోడ్లకు బదులు లైవ్ డేటా చూడమనండి. మానిఫోల్డ్ లోపలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే ఇంజన్‌లో వేడి ఇంజన్ ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ పీడనం సాధారణంగా 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మధ్య ఉంటుంది. అది 45, 50 దాటి ఉంటే, గేజ్‌లో తక్కువ వాక్యూమ్ చూపించిన సంగతినే సెన్సర్ మరో భాషలో చెప్తోందన్నమాట. కంప్యూటర్ మాత్రం దాన్ని ఇంజన్ మీద బరువు పడిందని అర్థం చేసుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ప్లగ్గులు నల్లబడటం, మైలేజీ పడిపోవడం అక్కడి నుంచే వస్తాయి, వాటిని చూసి ఇంజెక్టర్లు మార్చడం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

స్పార్క్ పడే క్షణాన్ని చూపే టైమింగ్ లైట్ పెట్టి చూశాం, బాగుందని ఎవరైనా అంటే అది కూడా రుజువు కాదు. స్పార్క్ ఎప్పుడు పడాలో క్రాంక్ సెన్సర్‌ను బట్టి నిర్ణయమయ్యే ఇంజన్లలో, క్యామ్ ఎంత తప్పినా లైటు సరిగ్గానే చూపిస్తుంది. పాత కార్బురేటర్ మారుతి 800 లో డిస్ట్రిబ్యూటర్‌ను క్యామే తిప్పేది కాబట్టి బెల్ట్ తప్పితే స్పార్కూ తప్పేది. అప్పుడు డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో తిప్పి స్పార్క్ సరిచేసి, అసలు లోపాన్ని కప్పిపెట్టేవారు. ఆ రోజుల్లో పని నేర్చుకున్న నాకు, లైటు చెప్పేది స్పార్క్ గురించే, వాల్వుల గురించి కాదన్న పాఠం అక్కడే దొరికింది.

ఇక చివరి రుజువు కళ్ళతో చూడటమే. బ్యాటరీ నెగటివ్ విప్పి, ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టు మీద స్పానర్ పెట్టి ఇంజన్ తిరిగే దిశలోనే, మీ ఇంజన్‌లో బెల్ట్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో, ఒకటో సిలిండర్ పిస్టన్ పై చివరకు వచ్చేదాకా తిప్పాలి. వెనక్కి తిప్పకూడదు. క్యామ్ మార్కు ఎదురుగా తల పెట్టి నేరుగా చూడాలి. పక్క నుంచి చూస్తే సరిగ్గా ఉన్నది కూడా అర పన్ను తప్పినట్టు కనిపిస్తుంది. మార్కు సూచికను చేరకుండా ఎడమవైపు ఉంటే లేట్, దాటి కుడివైపు ఉంటే ముందు. కింద బయటి పుల్లీ మీది గాటును పూర్తిగా నమ్మవద్దు, ఆ పుల్లీలో రబ్బరు పొర ఉన్న ఇంజన్లలో పాతబడ్డాక బయటి రింగు జారి గాటు స్థానం మారిపోతుంది. కింది కవరు కూడా విప్పి, బెల్ట్ కూర్చునే పళ్ళ పుల్లీ మీదున్న మార్కునే చూడాలి. అదే సమయంలో ఆ పుల్లీని క్రాంక్‌కు పట్టి ఉంచే చిన్న తాళం ముక్కను, దాని గాడిని చూడండి. క్రాంక్ బోల్టు సరిగా బిగించకపోతే ఆ గాడి వెడల్పై, పుల్లీ అటూ ఇటూ ఆడుతుంది, అప్పుడు బెల్ట్ ఎన్నిసార్లు సరిచేసినా లోపం తిరిగి వస్తుంది. కొత్త బెల్టుల మీద అచ్చువేసిన గీతలు రెండు చుట్ల తరువాత మార్కుల దగ్గర కనిపించకపోతే కంగారుపడకండి, అవి ఎక్కించేటప్పుడు సాయానికే తప్ప, బెల్ట్ తిరిగాక మళ్ళీ అక్కడికి రావడానికి ఎన్నో చుట్లు పడుతుంది.

ఈ తప్పు అనుభవం ఉన్నవాళ్ళ చేతుల్లో కూడా ఎందుకు జరుగుతుందో చెప్పాలి. బెల్ట్ వైపు నుంచి చూస్తే, క్రాంక్ తిరిగినప్పుడు క్యామ్‌ను లాగేది బెల్ట్ కుడి లైను. టెన్షనర్ ఉండేది ఎడమ లైను మీద. బెల్ట్ ఎక్కించేటప్పుడు కుడి లైను బిగువుగా ఉండి, వదులంతా టెన్షనర్ వైపు చేరాలి. కుడివైపు ఒక పన్నంత వదులు మిగిలిపోయినా, ఆ క్షణంలో రెండు మార్కులూ చక్కగా ఎదురెదురుగానే కనిపిస్తాయి. కవర్లు బిగించి స్టార్ట్ చేయగానే క్రాంక్ ముందు ఆ వదులును మింగి, ఆ తరువాతే క్యామ్‌ను లాగడం మొదలుపెడుతుంది, క్యామ్ ఒక పన్ను వెనకబడిపోతుంది. మన షెడ్లలో లేట్ కేసులే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. దీన్ని పట్టుకునే పద్ధతి ఒక్కటే: టెన్షనర్ వదిలాక, కవర్లు వేయకముందు, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్ళీ చూడాలి. ఐదు నిమిషాల పని అది. మీ మెకానిక్‌తో తగాదా పెట్టుకోకండి. మీ ఎదురుగా ఆ రెండు చుట్లు తిప్పి చూపించమని మర్యాదగా అడగండి. పని తెలిసినవాడు కాదనడు.

తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా అడ్డుకుంటే బలవంతం చేయవద్దని గట్టిగా చెప్పండి. పిస్టన్‌కు వాల్వు తగిలే ఇంజన్ అయితే అక్కడ వంగేది వాల్వే. అదే కారణంగా, మార్కులు చూసేదాకా మీరు కూడా ఇంజన్‌ను ఎక్కువ ఆర్‌పీఎంలో తోలకండి, మళ్ళీ ఘాట్ ఎక్కించకండి. డ్యూయల్ క్యామ్ ఇంజన్లలో ఒక్క క్యామే తప్పి ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండు మార్కులూ విడివిడిగా చూడాలి. థ్రాటిల్ లేని డీజిల్ ఇంజన్లకు వాక్యూమ్ గేజ్ పరీక్ష పనికిరాదు. మీకు ఇవి వర్తించవు కానీ, ఇదే సమస్యతో చదివేవారి కోసం రాస్తున్నాను.

మార్కు తప్పినట్టు తేలితే, బెల్ట్ కొత్తదే కాబట్టి, ఆయిల్ గానీ కూలెంట్ గానీ అంటకుండా, మడత పడకుండా ఉంటే, ఇంతకు ముందు తిరిగిన దిశలోనే దాన్ని మళ్ళీ వాడవచ్చు. ఆయిల్ అంటి ఉంటే ఆ బెల్ట్ పారేసి, లీకవుతున్న సీలు మార్చాకే కొత్తది వేయాలి. సరిచేశాక నల్లబడిన ప్లగ్గులు శుభ్రం చేయించి, గేజ్ అంకె రాసుకుని, రెండు మూడు రోజులు మామూలుగా నడపండి. తప్పుడు లెక్కకు అలవాటుపడిన కంప్యూటర్ పెట్రోల్ కొలతను మళ్ళీ సర్దుకోవడానికి కొంత సమయం కావాలి. ఆ తరువాత నాలుగో గేరు పరీక్ష మరోసారి చేయండి. ఇంజన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు కూడా క్లచ్ జారకపోతే, ఆ సెట్టు డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. మార్కులు రెండూ సరిగ్గా ఉండి, బలం మాత్రం లేకపోతే, వాక్యూమ్ అంకె, నాలుగు సిలిండర్ల కంప్రెషన్, ఐడ్లింగ్‌లో మ్యాప్ విలువ నాకు రాసి పంపండి, అక్కడి నుంచి కన్వర్టర్, పెట్రోల్ ప్రెషర్ వైపు చూద్దాం.